గన్‌స్మోక్: కొత్తగా చూసేవాళ్లూ, మళ్లీ చూసేవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

పాత అమెరికన్ టీవీ సీరియల్ గన్‌స్మోక్ గురించి ఎక్కడ మాట్లాడుకున్నా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తాయి. ఒకరు "ఇంత గొప్ప సీరియల్ లేదు" అంటారు, మరొకరు "నాలుగు ఎపిసోడ్లకే నీరసం వచ్చింది" అంటారు. వాళ్లిద్దరూ చాలాసార్లు చూసింది ఒకే సీరియల్ కాదు. 1956లో వచ్చిన అరగంట కథకూ 1972లో వచ్చిన గంట కథకూ పేరూ ఊరూ తప్ప ఉమ్మడిగా ఉన్నవి తక్కువ. అందుకే ప్రశ్నలను సీరియల్ నడిచిన దశల ప్రకారం పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## చూడటం మొదలుపెట్టే ముందు

అసలు ఇది దేని గురించి? కాల్పులేనా?

1870ల్లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, డాడ్జ్ సిటీ అనే ఊరు. టెక్సాస్ నుంచి పశువుల మందలను తోలుకొచ్చి ఇక్కడ రైలెక్కిస్తారు. నెలల తరబడి దుమ్ములో గడిపిన కౌబాయ్‌ల చేతికి జీతం ఒక్కసారే వస్తుంది. ఎదురుగా మద్యం, జూదం, పక్కన తుపాకీ. ఆ ఊళ్లో శాంతిని కాపాడే బాధ్యత మార్షల్ మ్యాట్ డిల్లన్‌ది. సహాయకుడు చెస్టర్, వైద్యుడు డాక్ ఆడమ్స్, లాంగ్ బ్రాంచ్ సెలూన్ నడిపే కిట్టీ రసెల్ మిగతా ముఖ్యులు. (మన దగ్గర సెలూన్ అంటే క్షవరం చేసే షాపు, అక్కడ మద్యమూ పేకాటా దొరికే చోటు.) తుపాకులు పేలుతాయి. కానీ కథ అసలు పట్టించుకునేది పేలకముందు మనిషి ఎందుకు అంత దూరం వచ్చాడు, పేలాక మిగిలినవాళ్లు ఎలా బతుకుతారు అన్నది. అమెరికా టీవీ సంస్థ సీబీఎస్‌లో 1955 సెప్టెంబర్ 10న మొదలై 1975 మార్చి 31 వరకు, 20 సీజన్లు నడిచింది.

635 ఎపిసోడ్లా! అన్నీ చూడాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నీ అక్కర్లేదు, వరసగా కూడా అక్కర్లేదు. దాదాపు ప్రతి కథా ఆ ఎపిసోడ్‌లోనే ముగుస్తుంది. లెక్క ఇలా ఉంటుంది: మొదటి 6 సీజన్లలో అరగంట ఎపిసోడ్లు 233, అన్నీ నలుపు తెలుపు. 7 నుంచి 11వ సీజన్ వరకు గంట ఎపిసోడ్లు 176, అవీ నలుపు తెలుపే. 12 నుంచి 20 వరకు రంగుల్లో 226. ప్రకటనలు తీసేస్తే అరగంటది 25 నిమిషాల పైన, గంటది 50 నిమిషాల దాకా వస్తుంది. రోజుకొకటి చూసినా ఏడాదీ తొమ్మిది నెలలు పడుతుంది.

మా సలహా: రెండో సీజన్ నుంచి వరసగా పది అరగంట కథలు చూడండి. తర్వాత నలుపు తెలుపు గంట కథలు మూడు, రంగుల కథలు మూడు. ఈ పదహారూ అయ్యేసరికి మీకు ఏ దశ నచ్చుతుందో తెలిసిపోతుంది. ఎక్కువమంది చేసే పొరపాటు టీవీలో కంటబడిన ఏదో ఒక రంగుల ఎపిసోడ్ చూసి మొత్తం సీరియల్ ఇంతే అనుకోవడం.

'మార్షల్ డిల్లన్' అనే సీరియల్ కనిపించింది. అది వేరేదా?

అదే ఇది. 1961లో గంట ఎపిసోడ్లు మొదలయ్యాక, పాత అరగంట కథలను 'మార్షల్ డిల్లన్' పేరుతో మళ్లీ వేశారు. ఆ పేరు కనిపిస్తే అది 1955-61 నాటి నలుపు తెలుపు కథే అనుకోండి. రెండు సీరియళ్లనుకుని రెండుసార్లు డబ్బు పెట్టి కొనకండి.

మా టీవీలో మనుషులు లావుగా, పొట్టిగా కనిపిస్తున్నారు. ప్రింట్ బాగాలేదా?

ప్రింట్ తప్పు కాదు. ఈ సీరియల్ పాత టీవీ కొలత 4:3లో తీశారు. ఇప్పటి వెడల్పాటి టీవీ దాన్ని తెర నిండా సాగదీస్తుంది. టీవీ సెట్టింగ్స్‌లో పిక్చర్ సైజును 4:3కి మార్చండి. అటూ ఇటూ నల్లపట్టీలు రావడమే సరైనది. 'జూమ్' పెడితే బొమ్మ సాగదు గానీ పైనా కిందా కత్తిరించుకుపోతుంది. మ్యాట్‌గా చేసిన ఆరడుగుల ఏడంగుళాల జేమ్స్ ఆర్నెస్ తల టోపీతో సహా ఎగిరిపోతుంది.

ఇంకో చిక్కు, పునఃప్రసారాల్లో ప్రకటనల కోసం కొన్ని నిమిషాలు కోసేస్తారు. కథ ఎక్కడో తెగినట్టు అనిపిస్తే నిడివి చూడండి. గంట ఎపిసోడ్ 45 నిమిషాల్లోపే అయిపోతే కోత పడిందన్నమాట.

'మోసగాళ్ళకు మోసగాడు' అంటే ప్రాణం నాకు. ఇదీ అలాగే ఉంటుందా?

ఉండదు, ముందే తెలిసి చూస్తే నిరాశ ఉండదు. 1971లో వచ్చిన కృష్ణగారి సినిమా ఇటలీవాళ్లు తీసిన వెస్టర్న్‌ల (కౌబాయ్ సినిమాల) దారిలో నడిచింది: ఎడారి, నిధి వేట, ఎత్తుకు పైఎత్తు. గన్‌స్మోక్ అంతకు ముందటి అమెరికన్ పద్ధతి. గుర్రాల మీద ఛేజింగ్‌ల కంటే ఒక గదిలో ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం ఎక్కువ. వేగం కోరుకునేవాళ్లకు మొదట మందకొడిగా అనిపిస్తుంది. మంచి కథానిక చదివే ఓపికతో కూర్చుంటే ఇందులో రుచి తెలుస్తుంది.

ఇంగ్లిష్ వచ్చు, అయినా సగం మాటలు అర్థం కావట్లేదు. ఏం చేయాలి?

సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, మొహమాటం అక్కర్లేదు. ముఖ్యంగా, చెస్టర్ తర్వాత మ్యాట్‌కు సహాయకుడైన ఫెస్టస్ మాట్లాడేది చదువురాని కొండప్రాంతపు మనిషి యాస. ఇంగ్లిష్ పుట్టుభాష అయినవాళ్లకే కష్టం. మ్యాట్, డాక్, కిట్టీల మాట తేటగా ఉంటుంది కాబట్టి ఫెస్టస్ ఇంకా రాని మొదటి సీజన్లతో మొదలుపెడితే చెవి త్వరగా అలవాటు పడుతుంది.

## అరగంట కథల కాలం (1955–61)

పాతవాళ్లందరూ నలుపు తెలుపు అరగంటవే గొప్పవంటారు. అది పాతమీద మమకారమేనా?

మమకారం కొంత ఉండొచ్చు గానీ గట్టి కారణాలున్నాయి.

మొదటిది రచన. ఈ సీరియల్ 1952లో రేడియోలో పుట్టింది. నార్మన్ మక్‌డొనెల్, జాన్ మెస్టన్ అనే ఇద్దరు, పిల్లల కోసం కాకుండా పెద్దవాళ్ల కోసం ఒక వెస్టర్న్ చేయాలని దాన్ని తయారుచేశారు. టీవీకి వచ్చిన తొలి ఏళ్లలో చాలా కథలు ఆ రేడియో కథలే. రేడియోలో చూపించడానికి ఏమీ ఉండదు, మాటే అన్నీ చేయాలి. అలా చెక్కిన సంభాషణలు టీవీలోకి వచ్చాయి. ఒక్క మాట అదనంగా ఉండదు.

రెండోది నిడివి. పాతిక నిమిషాల్లో ఉపకథకు చోటు లేదు. ఒక మనిషి ఊళ్లోకి వస్తాడు, అతని మనసులో ఏదో ఉంటుంది, అది బయటపడుతుంది, అయిపోతుంది.

మూడోది ముగింపులు. మెస్టన్ కథల్లో మంచివాళ్లు గెలవాలన్న నియమం లేదు. మార్షల్ ఆలస్యంగా చేరుకుంటాడు, లేదా చట్టం ప్రకారం చేయగలిగింది ఏమీ ఉండదు. 1957 నాటి 'బ్లడీ హ్యాండ్స్' చూడండి: మనుషుల్ని చంపీ చంపీ మ్యాట్‌కు విరక్తి పుట్టి మార్షల్ బిళ్ల (బ్యాడ్జ్) వదిలేస్తాడు. 1958 నాటి 'ది క్యాబిన్'లో మంచు తుఫానులో ఒక గుడిసెలో తలదాచుకుంటే, అక్కడ ఇద్దరు దుండగులూ వాళ్ల చేతిలో చిక్కిన ఒక స్త్రీ ఉంటారు. ఆమెను విడిపించడంతో ఆమె బతుకు చక్కబడిపోదు, ఆ ఎపిసోడ్ అలా నటించదు కూడా. అరవై ఏళ్ల పైబడిన టీవీలో ఇంత నిజాయితీ ఉంటుందని చాలామంది ఊహించరు.

ఎదుటివాళ్ల వాదనలోనూ న్యాయం ఉంది. ఏడాదికి దాదాపు 39 కథలు తీసేవాళ్లు, సెట్లు అవే, వీధి అదే. వరసగా నాలుగు చూస్తే బరువెక్కుతుంది. రోజుకు ఒకటి, మించితే రెండు చూడండి.

మొదటి ఎపిసోడ్‌లోనే హీరోని కాల్చి పడేస్తారేంటి?

కావాలనే. 'మ్యాట్ గెట్స్ ఇట్'లో డాన్ గ్రాట్ అనేవాడు మ్యాట్ కంటే వేగంగా తుపాకీ తీస్తాడు, మ్యాట్ కుప్పకూలతాడు. కోలుకున్నాక మ్యాట్ గమనించేది ఇది: గ్రాట్ చాలా దగ్గరికి వచ్చాకే కాలుస్తాడు, వేగం ఉంది గానీ గురి లేదు. దూరం నుంచి ఎదుర్కొని గెలుస్తాడు. ఈ మార్షల్ దేవుడు కాదు, ఆలోచించి బతికే మనిషి అని మొదటి రోజే చెప్పేశారు. ఆ ఎపిసోడ్‌కు ముందు వెస్టర్న్ సినిమాల హీరో జాన్ వేన్ తెరమీదికి వచ్చి సీరియల్‌ను పరిచయం చేస్తాడు.

చెస్టర్ ఎందుకు కుంటుతాడు? ఎక్కడైనా చెప్పారా?

కథలో కారణం చెప్పలేదు కాబట్టి వెతకడం ఆపేయండి. పాత్ర పరంగా అది చెస్టర్‌గా చేసిన డెనిస్ వీవర్‌కు ఉపయోగపడింది: బలంగా ఉన్న యువకుడు మార్షల్ పక్కన నిలబడి తుపాకీ పట్టకపోతే ప్రేక్షకుడికి ఎందుకని అనిపిస్తుంది, బిగుసుకుపోయిన కాలు ఆ ప్రశ్నను తీర్చింది. తొమ్మిదేళ్ల పాటు ఆ కాలు వంచకుండా పరుగెత్తాడు, గుర్రమెక్కాడు. ఆ పాత్రకే 1959లో ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది.

అన్నట్టు, నిజంగా కాలు నొప్పితో బాధపడింది ఆర్నెస్. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఇటలీలోని అంజియో దగ్గర కుడికాలికి బుల్లెట్లు తగిలాయి. ఆ నొప్పి జీవితాంతం ఉంది. ఆయన నడకలోని ఆ బరువు కొన్ని సీన్లలో స్పష్టంగా తెలుస్తుంది.

కిట్టీ అసలు చేసే పనేంటి? సూటిగా చెప్పరేం?

1950ల టీవీ నియమాలు సూటిగా చెప్పనివ్వలేదు. రేడియోలో కిట్టీ సెలూన్‌లో మగవాళ్లతో గడిపే స్త్రీ అన్న సంగతి ఇంకాస్త తెలిసేలా ఉండేది. టీవీలో మొదట సెలూన్ ఉద్యోగిగా, తర్వాత భాగస్వామిగా, ఆపైన యజమానిగా ఎదిగింది. తొలి సీజన్ల కిట్టీలో ఒక అలసట కనిపిస్తుంది. తర్వాతి కిట్టీ ఊళ్లో అందరూ గౌరవించే వ్యాపారస్తురాలు. కిట్టీగా చేసిన అమాండా బ్లేక్ ఈ మార్పును మాటల్లో కాకుండా నిలబడే తీరులో చూపించింది.

## గంట కథలు, కొత్త ముఖాలు (1961–66)

గంటకు పెంచాక సాగదీసినట్టు అనిపిస్తోంది. నాకేనా?

మీకొక్కరికే కాదు. 7, 8 సీజన్లలో కొన్ని కథలు పాతిక నిమిషాల సరుకును యాభైకి లాగినట్టే ఉంటాయి. అయితే అదే నిడివి బాగా వాడుకున్నప్పుడు ఊరంతా పాత్రగా మారుతుంది. 1965 నాటి 'సెవెన్ అవర్స్ టు డాన్' చూడండి: ఒక ముఠా రాత్రికి రాత్రి ఊళ్లోని తుపాకులన్నీ లాక్కుని డాడ్జ్‌ను దోచుకుంటుంది. ఆ కథ అరగంటలో ఇమిడేది కాదు.

చెస్టర్ గొప్పా, ఫెస్టస్ గొప్పా?

ఇంత కాలమైనా తెగని పంచాయితీ ఇది. చెస్టర్ మ్యాట్ మీద ఆధారపడే మనిషి, అమాయకుడు, అతని హాస్యం కాఫీ కాచడం, అప్పు అడగడం లాంటి చిన్న పనుల్లోంచి వస్తుంది. ఫెస్టస్ స్వతంత్రుడు: చదువు రాదు గానీ అడవి తెలుసు, జాడలు పట్టగలడు, తుపాకీ పట్టి పోరాడగలడు, రూత్ అనే కంచరగాడిద మీద తిరుగుతాడు. 1964లో వీవర్ వెళ్లిపోయాక ఫెస్టస్‌గా చేసిన కెన్ కర్టిస్ చివరి దాకా ఉన్నాడు. ఇతను మంచి గాయకుడు. ఆ గరుకు గొంతు పూర్తిగా పాత్ర కోసం పెట్టుకున్నది.

మా తీర్పు: మ్యాట్ పక్కన సరిపోయినవాడు చెస్టర్, డాక్ పక్కన సరిపోయినవాడు ఫెస్టస్. డాక్ ఎంత తిట్టినా వదలకుండా వాదించే ఫెస్టస్, ఫెస్టస్‌కు జబ్బు చేస్తే కంటిమీద కునుకు లేకుండా కూర్చునే డాక్, ఈ సీరియల్‌లోని అసలైన ప్రేమకథ వీళ్లిద్దరి స్నేహమే. ఫెస్టస్‌తో కుదరట్లేదంటే, ఒంటరిగా అతనే నడిపే కథలు పక్కన పెట్టి డాక్‌తో ఉన్నవి చూడండి.

బర్ట్ రేనాల్డ్స్ ఇందులో ఉన్నాడట, ఎప్పుడు?

1962 నుంచి 1965 వరకు, కమ్మరి క్వింట్ ఆస్పర్‌గా. తండ్రి తెల్లవాడు, తల్లి కొమాంచీ అనే స్థానిక తెగ. రెండు జాతుల్లోనూ పూర్తిగా ఇమడని మనిషి అనేది బలమైన పాత్ర, కానీ కథలు దాన్ని సగమే వాడుకున్నాయి.

స్థానిక తెగలవాళ్లను చూపించిన తీరు ఇబ్బందిగా ఉంది. అన్నీ అలాగే ఉంటాయా?

ఇబ్బంది పడటం సరైనదే. ఆ పాత్రలను ఎక్కువగా వేరేవాళ్లే, ముఖానికి రంగు వేసుకుని పోషించారు. భాష ముక్కలు ముక్కలుగా రాశారు. అయితే అదే కాలపు చాలా వెస్టర్న్‌ల కంటే గన్‌స్మోక్ ఒక అడుగు ముందుంది: ఎన్నో కథల్లో అన్యాయం తెల్లవాళ్ల వైపు నుంచి మొదలవుతుంది, మ్యాట్ తన ఊరివాళ్లకే అడ్డం నిలుస్తాడు. 1970 నాటి 'చాటో'లో మెక్సికోకు చెందిన రికార్డో మోంటల్బాన్ అపాచీ తెగవాడిగా నటించాడు. ఎంపిక నేటి కళ్లకు తప్పే, నటన మాత్రం గొప్పది. పిల్లలతో చూస్తుంటే ఈ సంగతి ముందే చెప్పండి.

## రంగుల కాలం (1966–75)

1967లో ఆపేయబోయారట, నిజమేనా?

నిజం. 1957 నుంచి 1961 వరకు వరసగా నాలుగు సీజన్లు అమెరికాలో మొదటి స్థానంలో ఉన్న సీరియల్, 1966-67లో తొలి 30లో కూడా లేకుండా పోయింది. ఆపేయాలని సీబీఎస్ నిర్ణయించింది. సంస్థ అధిపతి విలియం పేలీ అడ్డుపడి, శనివారం రాత్రి నుంచి సోమవారం సాయంత్రానికి మార్పించాడు. ఆ చోటు కోసం 'గిలిగన్స్ ఐలండ్' అనే సీరియల్ బలైంది. మార్చిన తొలి ఏడాదే గన్‌స్మోక్ నాలుగో స్థానానికి ఎగబాకింది. పెందలాడే రావడంతో పిల్లలున్న కుటుంబాలు చూడటం మొదలుపెట్టాయి. తర్వాతి కథలు కాస్త మెత్తబడటానికి అదీ ఒక కారణం.

రంగుల ఎపిసోడ్లలో మ్యాట్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కనిపిస్తాడు. ఎందుకు?

ఆర్నెస్ పని రోజులు తగ్గించుకున్నాడు. 1967 నుంచి నిర్మాణం చూసుకున్న జాన్ మాంట్లీ, ఆ ఖాళీని అతిథి నటులతో నింపాడు. కథ ఊరికి వచ్చిన కొత్త మనిషిది. మ్యాట్ దాన్ని ముగించడానికి వస్తాడు. దీనివల్ల లాభమూ ఉంది: హారిసన్ ఫోర్డ్, జోడీ ఫోస్టర్, జాన్ వాయిట్, రిచర్డ్ డ్రైఫస్ లాంటివాళ్లను పేరు రాకముందే ఇక్కడ చూడొచ్చు. మ్యాట్ కోసమే చూసేవాళ్లు మాత్రం ఎపిసోడ్ ఎంచుకునే ముందు కథాసారాంశంలో అతని పేరుందో లేదో చూసుకోండి.

వీధిలో తుపాకీ పోరుతో మొదలయ్యే టైటిల్స్ తర్వాత ఏమయ్యాయి?

మ్యాట్ ఎదుట నిలబడి కూలిపోయేది ఆర్వో ఒజాలా. తుపాకీ వేగంగా తీయడంలో హాలీవుడ్ నటులకు శిక్షణ ఇచ్చిన మనిషి. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెన్నెడీల హత్యల తర్వాత టీవీలో హింస మీద ఒత్తిడి పెరిగింది. చివరి సీజన్లలో ఆ పోరు బదులు మ్యాట్ మైదానంలో గుర్రం మీద దూసుకుపోతుంటాడు.

ఇరవై ఏళ్లు గడిచినా మ్యాట్ కిట్టీని పెళ్లి చేసుకోడేం? కోపం వస్తోంది.

ఆ కోపం రావాలనే రాశారు. మ్యాట్ వాదన ఒక్కటే: ఈ బిళ్ల పెట్టుకున్నవాడు ఏ రోజైనా చావొచ్చు, భార్యను విధవను చేసే హక్కు నాకు లేదు. కిట్టీ వైపు నుంచి చూడాలంటే 1970 నాటి 'ది బ్యాడ్జ్' చూడండి. మ్యాట్ మరోసారి తూటా తిని పడితే, ఇక ఎదురుచూడలేనని ఆమె సెలూన్ మూసి ఊరు వదిలి వెళుతుంది. పెళ్లయి ఉంటే ఈ సీరియల్‌లో మాట్లాడకుండా చూసుకునే ఆ చూపుల బరువు పోయేదని మా అభిప్రాయం. కానీ 1973 నాటి 'మ్యాట్స్ లవ్ స్టోరీ'లో జ్ఞాపకం పోయిన మ్యాట్ మైక్ యార్డ్‌నర్ అనే వితంతువుకు దగ్గరవడం చూసి కిట్టీ అభిమానులు ఇప్పటికీ క్షమించరు. అందులో వాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే.

రంగుల్లో వదలకూడనివి చెప్పండి.

'ది జైలర్' (1966): భర్తను ఉరితీయించినందుకు పగబట్టిన వితంతువుగా బెట్టీ డేవిస్. 'మానన్' (1969): మ్యాట్ లేని సమయంలో ఒక్కడే ఊరంతటినీ వణికించే స్టీవ్ ఫారెస్ట్. 'హోస్టేజ్!' (1972): కిట్టీని ఎత్తుకుపోయాక మ్యాట్ బిళ్ల తీసి పక్కన పెట్టి వెళ్లే కథ, హింస ఎక్కువ, పిల్లలతో వద్దు. 1971లో మూడు భాగాలుగా వచ్చిన 'ది బుల్లెట్' మూడూ దొరికాకే మొదలుపెట్టండి. మొదటి భాగం ఒక్కటే చూస్తే మ్యాట్ వెన్నులో తూటాతో రైల్లో ఉండిపోతాడు.

డాక్ బదులు ఇంకో డాక్టర్ కనిపించాడు. ఎపిసోడ్లు తారుమారయ్యాయా?

లేదు. 1971లో డాక్‌గా చేసిన మిల్‌బర్న్ స్టోన్‌కు గుండె ఆపరేషన్ జరిగింది. కథలో డాక్ ఊరు విడిచి వెళ్లినట్టు చూపించి, కొన్ని ఎపిసోడ్లకు డాక్టర్ చాప్‌మన్‌గా పాట్ హింగిల్‌ను పెట్టారు. స్టోన్ తిరిగొచ్చాడు, చివరి సీజన్ దాకా ఉన్నాడు.

## ముగింపు, ఆ తర్వాత

చివరి సీజన్‌లో కిట్టీ లేదేం? ఆఖరి ఎపిసోడ్‌లో వీడ్కోలు కూడా లేదే?

పంతొమ్మిది సీజన్ల తర్వాత 1974లో అమాండా బ్లేక్ తప్పుకుంది. లాంగ్ బ్రాంచ్ హానా చేతికి వచ్చింది. ఆ పాత్ర ఫ్రాన్ రయాన్ చేసింది. కౌంటర్ వెనక ఏళ్లపాటు నిలబడిన శామ్ కూడా అప్పటికి లేడు, ఆ నటుడు గ్లెన్ స్ట్రేంజ్ 1973లో చనిపోయాడు. ఆ సెలూన్ బోసిగా అనిపించడం అందుకే. ఆఖరి ఎపిసోడ్ 'ది షేర్‌క్రాపర్స్' ఫెస్టస్ నడిపే మామూలు కథ. ఆ సీజన్ చిత్రీకరణ అయిపోయాకే సీరియల్ ఆపేస్తున్నట్టు తేలింది, కాబట్టి వీడ్కోలు రాసే అవకాశమే రాలేదు.

నిజమైన డాడ్జ్ సిటీ ఇలాగే ఉండేదా?

ఫ్రంట్ స్ట్రీట్, బూట్ హిల్ శ్మశానం, లాంగ్ బ్రాంచ్ సెలూన్ నిజంగా ఉన్నవే. ఆ కాలంలో పేరుపడ్డ శాంతిభద్రతల అధికారులు వయట్ ఎర్ప్, బ్యాట్ మాస్టర్సన్ అక్కడ పనిచేసినవాళ్లే. మ్యాట్ డిల్లన్ మాత్రం కల్పితం. చావులు కూడా చాలావరకు కల్పితాలే: 1870 నుంచి 1885 వరకు కాన్సాస్‌లోని ఐదు పశువుల పట్టణాల్లో కలిపి చరిత్రకారులు లెక్కగట్టిన హత్యలు 45. డాడ్జ్ వెనక కనిపించే కొండలూ అబద్ధమే. అవి కాలిఫోర్నియా కొండలు, అసలు ఊరు చదునైన మైదానం. టెక్సాస్ పశువుల వల్ల వచ్చే జ్వరానికి భయపడి 1885లో కాన్సాస్ వాటి రాకను నిషేధించాక ఆ సందడి అణగిపోయింది.

తర్వాత వచ్చిన టీవీ సినిమాలు ఏ వరసలో చూడాలి?

మొత్తం ఐదు: 'రిటర్న్ టు డాడ్జ్' (1987), 'ది లాస్ట్ అపాచీ' (1990), 'టు ది లాస్ట్ మ్యాన్' (1992), 'ది లాంగ్ రైడ్' (1993), 'వన్ మ్యాన్స్ జస్టిస్' (1994). మొదటిది చూసే ముందు 'మానన్' చూసి తీరాలి. ఆ దుర్మార్గుడే జైలు నుంచి తిరిగొస్తాడు. అందులో కిట్టీ ఉంది, ఫెస్టస్ లేడు, డాక్‌గా చేసిన స్టోన్ 1980లోనే చనిపోయాడు. రెండోదానికి ముందు 'మ్యాట్స్ లవ్ స్టోరీ' చూడాలి. ఆ మైక్ యార్డ్‌నర్‌కు మ్యాట్ వల్ల ఒక కూతురు పుట్టిందన్నదే కథ. అమాండా బ్లేక్ 1989లో మరణించింది, కాబట్టి అక్కడి నుంచి పాత బృందంలో మిగిలింది ఆర్నెస్ ఒక్కడే. సమయం తక్కువుంటే మొదటి రెండూ చాలు.